మేడి చెట్టు కింద కట్ట

మొన్న వర్లిలో మా పెద్దవాడి ఫ్లాటులో, స్నానాల గది గోడకు బయటివైపు పైపు అతుకు దగ్గర ఏదో మొక్క మొలిచి, కింది అంతస్తు వాళ్ళ గోడ చెమ్మెక్కుతోందని గొడవ వస్తే ప్లంబరును పిలిపించాం. అతను కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, ఆ మొక్కను వేళ్ళతో సహా పెరికి తెచ్చి నా చేతిలో పెట్టాడు. జానెడైనా లేదు, నాలుగంటే నాలుగే ఆకులు, కాడ తెగినచోట తెల్లటి పాలు. ఇది ఉంబర్ అమ్మా, నీళ్ళు కారే చోటే మొలుస్తుంది, దేవుడి చెట్టు, పారేయకండి, కుండీలో పెట్టుకోండి అని హిందీలో చెప్పి, ఆ తడి వేళ్ళనే కళ్ళకద్దుకున్నాడు. ఉంబర్ అంటే మన మేడే. అతను లిఫ్టు ఎక్కేదాకా ఆగి నేను దాన్ని చెత్తబుట్టలో పడేశాను. తరువాత చేతులు రెండుసార్లు సబ్బు పెట్టి కడుక్కున్నాను గానీ మేడి పాల జిగురు అంత తొందరగా వదలదు. మధ్యాహ్నం అన్నం కలుపుకుంటున్నప్పుడు కూడా వేళ్ళు ఒకదానికొకటి అంటుకుంటూనే ఉన్నాయి.

నాతోపాటు బొంబాయి కామాటిపురా గల్లీల్లో పెరిగి, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో కొడుకుల దగ్గరో కూతుళ్ళ దగ్గరో రోజులు వెళ్ళదీస్తున్న నా ఈడు వాళ్ళకు ఆ రోజుల చాల్‌లు ఎలా ఉండేవో చెప్పనక్కర్లేదు. మాది ఫాక్‌లాండ్ రోడ్డుకు రెండు గల్లీల లోపలికి మూడంతస్తుల చాల్, గదికో సంసారం చొప్పున నలభై ఖోలీలు, అన్నిట్లోనూ మన తెలుగువాళ్ళే. చాల్ వెనక గోడకూ గట్టరు అనే మురుగుకాలవకూ మధ్య రెండు మంచాలు పట్టేంత సందు ఒకటి ఉండేది. అక్కడ నేల కింద నల్లా పైపు ఎప్పుడు పగిలిందో ఏమో, ఏళ్ళ తరబడి కారుతున్న ఆ తడిలో ఎవరూ నాటకుండానే ఒక మేడి చెట్టు మొలిచి రెండో అంతస్తు వరండా దాకా పెరిగింది. మాను నిండా గుత్తులు గుత్తులుగా కాయలు, పండి రాలితే గట్టరంతా ఎర్రగా చితికిపోయి ఈగలు, గోరింకలు, పులిసిన వాసన. మా ఆడవాళ్ళకు ఆ చెట్టంటే అసహ్యం. మా నాయనమ్మ ఒక్కతే వరండాలో కూర్చుని దాన్ని చూసి మురిసిపోయేది. పాలమూరు జిల్లాలో ఆమె పుట్టిన ఊళ్ళో ఒర్రె పొడుగునా మేడి చెట్లేనట. ఎండాకాలంలో ఒర్రె ఎండినా మేడి పచ్చగా ఉన్నచోట చెలిమ తవ్వితే నీళ్ళు ఊరేవట. ఎవరింట్లోనైనా పెళ్ళయితే పందిట్లో ఒక మేడి కొమ్మ నాటేవారట, మిగతా రోజుల్లో ఆ కొమ్మలే విరిచి మేకలకు వేసేవారట. అంతకుమించి ఆ చెట్టుకు అక్కడ మర్యాదేమీ లేదు, బొట్టు పెట్టినవాళ్ళు అంతకన్నా లేరు.

మిల్లులు మూతపడి వర్లి వైపు మగవాళ్ళు ఖాళీగా కూర్చున్న ఏళ్ళు అవి. ఒక దీపావళి వెళ్ళాక ఆ చెట్టు కిందికి ఒక జంట వచ్చి దిగింది. పొద్దున్నే నాకా మీద, కూలీల అడ్డాలో నిలబడి ఏ మేస్త్రీ పిలిస్తే ఆ మేస్త్రీ వెంట ఇటుకల పనికి పోయే పాలమూరు కూలీలు. నల్ల ప్లాస్టిక్ పరదా ఒకటి చెట్టు కొమ్మకూ మా గోడకున్న మేకుకూ కట్టుకుని, మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుని, దానికే ఇల్లని పేరు పెట్టుకున్నారు. ఆమెది నాయనమ్మ పుట్టిన ఊరికి రెండూళ్ళ అవతల అని తెలిసిన రోజున నాయనమ్మ మెట్లు దిగి వెళ్ళి గంటసేపు మాట్లాడి వచ్చింది. వరసలు కలిపి చూసి, ఆమె నాకు వదిన అవుతుందని తేల్చింది. అప్పటినుంచి ఆమె నాకు వదిన, ఆయన అన్న. వదినకు ఇరవై ఏళ్ళుంటాయేమో, నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. పచ్చి మేడికాయలు కోసి సన్నగా తరిగి పప్పులో వేసి వండేది. ఒకసారి గిన్నెడు తెచ్చి ఇస్తే అమ్మ ఆమె ముందు నవ్వుతూ తీసుకుని, ఆమె వెళ్ళిన కాసేపటికి గట్టర్లో పోసింది. అమ్మ చూడకుండా నాయనమ్మా నేనూ ముందే చెరో ముద్ద తిన్నాం. చాలా బాగుంది, ఆ రుచి మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

మా తాతలు కూడా నెత్తిన గంపలతో ఇలాగే వచ్చి ఈ ఊరి కట్టడాలకు రాళ్ళు మోసినవాళ్ళే. పండగలకు సభలు పెట్టుకున్నప్పుడు ఆ మాట గొప్పగా చెప్పుకునేవాళ్ళం. కానీ మా తాత కూడా మొదట ఇలాంటి పరదా కిందే కాపురం పెట్టాడని నాయనమ్మ ఒకసారి నల్లా దగ్గర నలుగురిలో నోరు జారితే, అమ్మ ఆమెతో నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు. గంపలు మోసిన ఘనత మాకు కావాలి గానీ గంప మోసేవాళ్ళు మా గోడకు ఆనుకుని ఉండకూడదు.

హోళీ నాటికి వదిన కడుపుతో ఉన్న సంగతి చీర కుచ్చిళ్ళ మీదే తెలిసిపోతోంది. అప్పుడు మొదలైంది మా పెద్దనాన్నకు గుబులు. మా నాన్నకు అన్న, చాల్ కమిటీకి పెద్ద, గల్లీలో ఆయన మాటకు తిరుగుండేది కాదు. బిడ్డ ఇక్కడ పుడితే ఈ చోటి పేరున రేషన్ కార్డు రాయించుకుంటారు, కార్డు వచ్చిందంటే ఇక బ్రహ్మదేవుడు వచ్చినా కదలరు, ఒక్క పరదా చూసి పది పరదాలు లేస్తాయి అని ఆయన లెక్క. చెట్టు కొట్టించేస్తే నీడ పోయి వాళ్ళే పోతారని ఒక గొడ్డలివాణ్ణి పిలిపించారు. అతను మరాఠీవాడు, చెట్టును చూసి చెంపలేసుకుని, ఔదుంబరం దత్తాత్రేయుడుండే చెట్టు, నేను ముట్టనని వెళ్ళిపోయాడు. కొట్టి తరుముదామంటే నాకా మీది కూలీలంతా ఒక్కటై వస్తారని భయం.

ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్దనాన్న ఖోలీలో మగవాళ్ళంతా కూర్చున్నారు. పదో తరగతి పరీక్ష రాసి ఫలితాల కోసం ఖాళీగా ఉన్నాను కనక చాయ్ అందించే పని నాది. గొడ్డలివాడి మాట తలుచుకుంటూ తలుచుకుంటూ పెద్దనాన్న ఉన్నట్టుండి నవ్వాడు.

"చెట్టును ముట్టద్దు. దాని కింద దత్తుణ్ణి కూసుండబెడ్దం. వాళ్ళే లేచి పోతరు."

దేవుడంటే చెట్టు చుట్టూ అరుగులా కట్ట ఉండాలి కదా, ఎవరు కడతారని మా నాన్న అడిగాడు.

"కట్టెటోడు చెట్టు కిందనే ఉన్నడు గద!"

ఖోలీ అంతా నవ్వులు. చాయ్ పళ్ళెం పట్టుకుని నేనూ నవ్వాను. ఆ నవ్వులో నాకు కూడా చోటిచ్చారని, పెద్దవాళ్ళ రహస్యం నా ముందు మాట్లాడారని నాకు ఎంత సంతోషమైందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అయిన మాట నిజం.

ఆ సాయంత్రమే పెద్దనాన్న కిందికి వెళ్ళి అన్న భుజం మీద చేయి వేసి మాట్లాడటం నేను వరండాలోంచి విన్నాను.

"వానలొస్తె ఈ గట్టరు పొంగుతది బిడ్డా. బాలింతను తడి నేల మీద ఎట్ల పండవెడ్తవ్? ఇటుకలు, సిమెంటు మేం తెప్పిస్తం. మోకాలెత్తు కట్ట కట్టుకో."

అన్న ఆయన కాళ్ళకు మొక్కాడు. పెద్దనాన్న లేవనెత్తి దీవించాడు కూడా. ఆయన మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క దీవెన మీదే. మోసం చేసేవాడు మోసం చేసి ఊరుకోవచ్చు, దీవించడం దేనికి?

పనినుంచి వచ్చాక దీపాలు పెట్టే వేళ దాకా, ఆదివారాలు రోజంతా, ఇద్దరూ ఆ కట్ట కట్టారు. పరదా కొంచెం పక్కకు జరిపి, చెట్టు మాను చుట్టూ ఇటుక మీద ఇటుక. రోజంతా పరాయి ఇళ్ళకు ఇటుకలు మోసి వచ్చి, ఎనిమిదో నెల కడుపుతో మళ్ళీ వదినే ఇటుకలు అందించేది. వాళ్ళ పని చూసి మేస్త్రీ పని తెలిసిన మా నాన్న కూడా మెచ్చుకున్నాడు. నీళ్ళు నిలవకుండా గట్టరు వైపు కొద్దిగా వాలు పెట్టారు. బిడ్డకు రాసుకోకూడదని అంచులు గుండ్రంగా తిప్పారు. గాలికి ఆరిపోకుండా పొయ్యి కోసం ఒక మూల గూడు వదిలారు. ఉయ్యాల తాడు ఏ కొమ్మకు కట్టాలో కూడా వదిన చూసిపెట్టుకుని నాకు చూపించింది. ఆ కొమ్మకు కాయలు లేవు, ఉయ్యాల్లోకి రాలవు.

ఒకరోజు నేను బట్టలు ఆరేయడానికి వెనక మెట్ల మీదికి వెళ్తే, సిమెంటు చేతులతోనే ఆగి అడిగింది.

"పిల్లా, మీవోళ్ళు నవ్వుకుంట చూస్తున్నరు. ఈ కట్ట మాకేనా, నిజం చెప్పు."

ఇన్నేళ్ళలో ఆ నిమిషాన్ని ఎన్నిసార్లు తిరగేసుకున్నానో లెక్కలేదు. నన్నెవరూ బెదిరించలేదు. చెప్పొద్దని ఎవరూ ఒట్టు వేయించుకోలేదు. చెబితే నాకు పోయేది కూడా ఏమీ లేదు, మహా అయితే అమ్మ చేతి రెండు దెబ్బలు.

"మీకే వదినె, ఇంకెవలకు?" అన్నాను. అంత తడుముకోకుండా నా నోట ఆ మాట ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

పైపూత అయ్యాక వారం రోజులు నీళ్ళు పట్టాలి. మా చాల్‌కు నల్లా నీళ్ళు పొద్దున ఒక్క గంటే వచ్చేవి, ఆ గంటలో నలభై ఖోలీల బిందెలూ నిండాక మిగిలిన ధారలో వదినకు రెండు బిందెలు దొరికేవి. మండే ఎండాకాలంలో ఆ రెండింట్లో ఒకటి ఆమె కట్టకే పోసేది. సైటు మీద చేసినట్టే గోనెసంచులు పరిచి, పనికి పోయేముందు వాటిని తడుపుతూ, వచ్చాక మళ్ళీ తడుపుతూ. మా ఆడవాళ్ళు నల్లా దగ్గర నిలబడి అది చూసి ఒకరి భుజాలు ఒకరు పొడుచుకునేవాళ్ళు. పక్క ఖోలీ అత్తయ్య ఒకతె ముఖం గంభీరంగా పెట్టి, బాగా పట్టు, గట్టిగా ఉండాలె అని సలహా కూడా ఇచ్చింది. అందరూ చీర చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాయనమ్మ నవ్వలేదు. మేడికి దేవుణ్ణి ఎవరు పెట్టిండ్రే మా ఊర్ల అని ఇంట్లో ఒకసారి గొణిగింది. పెద్దనాన్న తలెత్తి ఒక్క చూపు చూశాడు, ముసలామె జపమాల తీసుకుంది.

కానీ వారం నిండలేదు. నెలలు నిండుతున్నాయి, ఇక ఆలస్యం చేస్తే కాన్పు ఇక్కడే అవుతుందని పెద్దనాన్న తొందరపడ్డాడు. నీళ్ళు పట్టడం మొదలైన నాలుగోనాడు గురువారం, దత్తుడి వారం. వాళ్ళిద్దరూ నాకాకు వెళ్ళగానే చాల్ మొత్తం కిందికి దిగింది. పరదా విప్పి, మడత పెట్టి, సుతిలి తాడుతో కట్టారు. వాళ్ళ గిన్నెలు కడిగి మరీ గట్టరు అవతల వరసగా బోర్లించారు. కట్టకు కాషాయం రంగు, చెట్టుకు దండలు, మానుకు ఆనించి పటం, కొమ్మకు గంట. పొయ్యి గూట్లో దీపం సరిగ్గా సరిపోయింది, ముందే కొలత తీసినట్టు కుదిరిందని అందరూ ఆశ్చర్యపోయారు. ముగ్గు వేసింది నేనే.

పొద్దు వాలుతుండగా హారతి ఇస్తున్నప్పుడు వాళ్ళు వచ్చారు. గంట వాయిస్తూ, చప్పట్లు కొడుతూ చాల్ జనమంతా పాడుతున్నాం. నేను ఓరగా చూస్తూనే ఉన్నాను. అన్న నిలబడిపోయాడు. వదిన కూడా ఒక క్షణం నిలబడింది, తరువాత చెప్పులు విడిచి, నెత్తి మీది గంప దించి, కొంగు భుజాల మీదుగా కప్పుకుని, అందరికన్నా వెనక చేతులు జోడించి నిలుచుంది. హారతి పళ్ళెం ఆమె దాకా వెళ్ళింది. అమ్మ ప్రసాదం ఆమెకే ముందు పెట్టింది. ఆమె కళ్ళకద్దుకుని తిని, చేతులు తుడుచుకుని, అప్పుడు తన పరదా కోసం చుట్టూ చూసింది.

పెద్దనాన్న ఎదురుగా వెళ్ళాడు. గొంతులో ఎంత ప్రేమ!

"మాకు కలల కనిపిచ్చి అడిగిండు తల్లీ, ఏం చేస్తం? ఎల్లుండో అవతలెల్లుండో నీకు పురుడొస్తది, అంటు. దేవుని జాగల ఉండద్దు."

అన్న అరిచాడు. ఇటుక పట్టుకున్నాడు. మగవాళ్ళు పది మంది అప్పటికే సిద్ధంగా నిలబడి ఉన్నారు. ఆయన చేయి పట్టుకుని ఆపింది వదినే. దేవునితోటి కొట్లాడుతమా, పా అంది. గిన్నెలు గంపలో సర్దుకుంది, పరదా మూట చంకన పెట్టుకుంది. పోతూ పోతూ నా దగ్గర ఆగింది. ఇప్పుడు నన్ను తిడుతుంది అనుకుని నేను తల దించుకున్నాను.

"ఇంక మూడొద్దులు నీళ్ళు పట్టాలె పిల్లా. పచ్చి సిమెంటు, పగుల్తది."

ఆ మూడు రోజులూ నేను పట్టలేదు. కట్ట పగల్లేదు కూడా, అంత బాగా కట్టారు.

పది రోజులకు వానలు దిగాయి. ఆ ఏడు గట్టరు పొంగి వెనక సందంతా నడుం లోతు నీళ్ళు, కింది ఖోలీల్లోకి కూడా వచ్చాయి. కట్టనూ ముంచేసి తరువాత దిగిపోయాయిగానీ, చినుకు ఆగిన గంటకల్లా కట్ట మాత్రం శుభ్రంగా ఆరిపోయి ఉండేది, చుక్క నీరు నిలిచేది కాదు. గురువారాలు జనం పెరిగారు. పిల్లలు లేనివాళ్ళు ప్రదక్షిణాలకు రావడం మొదలుపెట్టారు. కొందరికి కడుపులు పండాయి కూడా. నాయనమ్మ సైతం కర్ర పట్టుకుని చుట్టూ తిరిగేది.

దసరా ముందు, అమ్మ బతుకమ్మకు పూలు తెమ్మని పంపితే గ్రాంట్ రోడ్ స్టేషన్ వంతెన మెట్లు దిగుతున్నాను. కింద రోడ్డు తవ్వుతున్నారు. నెత్తిన మట్టి గంపతో ఒకామె నన్ను చూసి గంప దించేసి, పిల్లా అని కేకేసింది. వదిన. మనిషి సగమైపోయింది. తప్పించుకుపోదామనుకున్నాను, కానీ అప్పటికే ఆమె నా చేయి పట్టుకుని పక్కనున్న కూలీ ఆడవాళ్ళకు చూపిస్తోంది.

"వీళ్ళ చాల్ల దత్తుని కట్ట మేమే కట్టినం. అడుగుండ్రి కావాల్నంటె."

ఎంత గర్వంగా చెప్పిందని! వాళ్ళంతా నా వైపు చూశారు. నేను తలూపాను. నాయనమ్మ ఎట్లుంది, ఫలితాలొచ్చినయా అని అన్నీ అడిగింది. నేను అడగకుండానే తనే చెప్పింది. ఆడపిల్లట. ఈ వంతెన కిందే పుట్టిందట, వానలో. తొమ్మిది రోజులు బతికిందట. తడికి నెమ్ము చేసిందని ఆసుపత్రిలో అన్నారట. అంతా చెప్పి, పక్కవాళ్ళకు వినిపించకుండా నా దగ్గరికి జరిగింది.

"తెల్వక దేవుని జాగల కాళ్ళు సాపుకోని పండుకున్నం. ఆయన చెట్టు కాయలే కోసుకోని తిన్నం. అందుకే తీస్కపోయిండు. అంతేనా పిల్లా?"

కాదు వదినా అనాలి. కానీ కాదంటే, ఎందుకు కాదో చెప్పాలి. అక్కడ దేవుడు లేడు, మా పెద్దనాన్నకు చాయ్ తాగుతూ తాగుతూ వచ్చిన ఆలోచన అది, నీ బిడ్డ కోసం కట్టుకున్న కట్టను నీ చేతే కట్టించి లాక్కున్నాం, నువ్వు అడిగిన రోజున నాకన్నీ తెలుసు అని చెప్పాలి. ఆమె నా ముఖంలోకే చూస్తోంది. తన తప్పే అని ఒప్పుకోవడానికి సిద్ధంగా నిలబడి ఉంది, నేను అవునంటే చాలు.

"అంతె వదినె" అన్నాను.

ఆమె తలూపింది. కళ్ళు తుడుచుకుంది. ఈసారి గురువారం నా దిక్కున గూడ ఒక దండం పెట్టు పిల్లా అని చెప్పి, గంప ఎత్తుకుని పనిలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ నేను ఆమెను చూడలేదు, చూడకుండా ఉండటానికి చాన్నాళ్ళు ఆ వంతెన వైపు వెళ్ళలేదు కూడా.

ఇప్పుడు ఆ గల్లీలో సగం చాల్‌లు కూలిపోయాయి, మిగతావి కూలడానికి నోటీసులు అంటించుకుని నిలబడి ఉన్నాయి. పెద్దనాన్న, అమ్మ, నాన్న, నాయనమ్మ ఎవరూ లేరు. మనవలు మరాఠీలో పోట్లాడుకుని హిందీలో రాజీ పడతారు, తెలుగు నాతోనే, అదీ నేను పట్టుబడితే. కట్టకు పాలరాయి వేశారు, ఇత్తడి కటకటాలు పెట్టారు, దేవుడు అక్కడ తనంతట తానే వెలిశాడని పూజారి చెబుతాడు. మా చాల్‌లో పెరిగిన ఆడపిల్లలం ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. రోజూ పొద్దున ఎవరో ఒకరు ఆ రోజులే వేరు అని రాస్తారు. ఒకరింట్లో కూర వండితే పది ఖోలీలకు వెళ్ళేది, ఒకరికి జ్వరమొస్తే చాల్ అంతా మేలుకునేది, ఇప్పుడు ఫ్లాటుల్లో ఎదుటి తలుపు వాళ్ళెవరో కూడా తెలియదు అని బాధపడతారు. నేనూ అవునని రాస్తాను. అందులో అబద్ధం లేదు. ఆ వేసవిలో ఆ కట్ట కట్టడానికి మూడు వారాలు పట్టింది. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, నాలాంటి ఆడపిల్లలు, నలభై ఖోలీల్లోనూ అందరికీ తెలుసు, ఒక్క నోటి నుంచి మాట బయటికి పొక్కలేదు. అంత ఐకమత్యం ఇప్పుడెక్కడుంది?